స్పీడ్ గన్ లెక్కలు బయటపెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

హైవే పక్కన చెట్టు నీడలో ముక్కాలి స్టాండు, దాని మీద స్పీడ్ గన్, పక్కన ఇద్దరు సిబ్బంది. కొద్ది రోజులకు ఫోనుకు చలానా మెసేజ్. రెండు తెలుగు రాష్ట్రాల్లో బండి ఉన్న ఇంటికల్లా ఇది తెలిసిన సంగతే. చలానా ఎంత, డిస్కౌంట్ ఎప్పుడిస్తారు అన్న చర్చ పత్రికల్లో బాగానే నడుస్తోంది. ఆ గన్ అక్కడే ఎందుకు పెట్టారు, అది సరిగ్గా కొలుస్తోందని ఎవరు రాసిచ్చారు, పెట్టాక ఆ చోట చావులు తగ్గాయా అన్న చర్చ మాత్రం సాగడం లేదు. సాగాలంటే కాగితాలు కావాలి. ఆ కాగితాల కోసమే ఈ ఉత్తరం.

ముందే చెప్పాలి, వేగానికి కళ్లెం పడాలన్నదే మా పక్షం. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాలు పోయే ప్రమాదాలు సుమారు 4 శాతం పెరుగుతాయన్న లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. స్పీడ్ కెమెరాల మీద వచ్చిన 35 అధ్యయనాలను 2010లో కాక్రేన్ (అచ్చయిన పరిశోధనలను జల్లెడపట్టే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష ఒకచోట పెట్టి చూసింది. ప్రమాదాలను లెక్కించిన అధ్యయనాల్లో కెమెరాల పరిసరాల్లో అన్ని రకాల ప్రమాదాలు కలిపి 8 నుంచి 49 శాతం దాకా, మరణాలు, తీవ్ర గాయాలు అయినవి 11 నుంచి 44 శాతం దాకా తగ్గాయి. ఆ అధ్యయనాల నాణ్యత మహా అయితే మధ్యస్థం అని కూడా ఆ సమీక్షే చెప్పింది. 8కీ 49కీ మధ్య తేడా చిన్నదేం కాదు. మన రోడ్లు అందులో ఏ చివర ఉన్నాయో మన లెక్కలే చెప్పాలి.

మన లెక్క ఎలా ఉందో చూడండి. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 1,19,904 మంది, అంటే 71.2 శాతం, ‘అతివేగం’ పద్దు కింద ఉన్నారు. ఆ పద్దు పోలీసు రికార్డుల నుంచి నిండుతుంది. ఎఫ్ఐఆర్‌లో ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్న మాట అచ్చుపోసినట్టు పడుతుంది. గుద్దుకున్న క్షణాన బండి ఎంత వేగంలో ఉందో ఎవరూ కొలిచి ఉండరు. బ్రేకు గీతల పొడవు, బండి నలిగిన లోతు, ఎయిర్‌బ్యాగ్ పెట్టెలో మిగిలిన డేటా తీసి వేగం కట్టవచ్చు గానీ, మామూలు కేసులో అంత దూరం ఎవరు పోతారు? కాబట్టి ఆ 71.2 శాతాన్ని పట్టుకుని ఏ కిలోమీటరు రాయి దగ్గర గన్ పెట్టాలో తేల్చలేం. అక్కడ వేగం కొలవాలి, కొలిచింది అందరికీ చూపాలి.

చూపితే ఏమవుతుందో బ్రిటన్‌లో తేలింది. ఒక్కో కెమెరా దగ్గర జరిగిన ప్రమాదాలు, కొలిచిన వేగాల లెక్కలను ప్రచురించాలని 2011లో అక్కడి ప్రభుత్వం స్థానిక సంస్థలను అడిగింది. ఆ లెక్కల్లోంచి 9 ప్రాంతాల 551 కెమెరాలను తీసుకుని ప్రొఫెసర్ రిచర్డ్ ఆల్సప్ 2013లో రోడ్డు రవాణా పరిశోధన సంస్థ ఆర్ఏసీ ఫౌండేషన్ కోసం నివేదిక రాశారు. మరణాలు, తీవ్ర గాయాలు అయిన ప్రమాదాలు సగటున 27 శాతం తగ్గాయని జూన్‌లో వచ్చింది. డేటా అందరి ముందూ ఉంది కాబట్టి తప్పు బయటపడింది, నవంబరులో సవరించిన ప్రతిలో ఆ అంకె 22 శాతానికి దిగింది. సగటు బాగున్నా 21 కెమెరాల దగ్గర ప్రమాదాలు పెరిగాయని, అవి ఎందుకు పెరిగాయో చూడమని కూడా ఆ నివేదికే చెప్పింది. అదే ఏ సీల్డు కవర్లోనో ఉండి ఉంటే 27 అనే అంకె 27గానే మిగిలేది, ఆ 21 చోట్ల సంగతి ఎవరికీ పట్టేది కాదు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2011లో ఆడిటర్ జనరల్ 141 స్థిర కెమెరాలను పరిశీలించి, 38 చోట్ల భద్రతకు మేలు జరిగినట్టు రుజువు లేదని తేల్చారు. ప్రభుత్వం ఆ 38 కెమెరాలను ఆపేసింది. అమెరికాలోని బాల్టిమోర్ నగరం దీనికి తిరగబడ్డ దారిలో పోయింది. కెమెరాల మీద నగరమే ఆడిట్ చేయించి, సగటున 10 శాతానికి పైగా జరిమానాలు తప్పని తేలితే దాన్ని బయటపెట్టలేదు. 2014 జనవరిలో స్థానిక పత్రిక ఆ నివేదిక సంపాదించి అచ్చువేసింది. అప్పటికే ఆ కెమెరాల మీద జనానికి నమ్మకం పోయి కార్యక్రమం ఆగిపోయి ఉంది. ఆగి ఉన్న కారుకు కూడా అతివేగం జరిమానా వేసిన కెమెరాలు అవి. ఆ సంగతి పట్టుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. ఒకే బండివి రెండు ఫొటోలు, వాటి మీద సెకనులో వెయ్యో వంతు దాకా సమయం ఉంటే చాలు. రెండు ఫొటోల మధ్య అర సెకను ఉంటే, 60 కిలోమీటర్ల వేగంలో బండి 8.3 మీటర్లు జరగాలి, 80లో 11.1 మీటర్లు. రోడ్డు మీది తెల్ల గీతల పొడవు టేపుతో కొలుచుకుంటే బండి ఎన్ని మీటర్లు జరిగిందో ఎవరైనా కట్టుకోవచ్చు. బ్రిటన్‌లో పాత గాట్సో కెమెరాల ముందు రోడ్డు మీద సమాన దూరంలో అడ్డగీతలు వేసేది ఇందుకే. మన చలానాల్లో చాలావాటి మీద ఒకే ఫొటో, గంట, నిమిషం, సెకను. దానితో ఈ పని జరగదు. రెండో ఫొటో చేర్చమనడం పెద్ద కోరికేం కాదు.

‘ముందు ఇన్ని, తర్వాత ఇన్ని’ అని చెప్పే లెక్క ఎందుకు మోసం చేస్తుందో కూడా చెప్పాలి. పత్రికా ప్రకటనల్లో తరచూ కనబడేది ఇదే. ఒక అర కిలోమీటరు రోడ్డులో ఏటా సగటున 4 ప్రమాదాలు జరుగుతాయనుకుందాం. కొన్నేళ్లు 2 జరుగుతాయి, కొన్నేళ్లు 6. ఒక ఏడు గ్రహపాటున 9 జరిగాయి. గగ్గోలు పుట్టింది, గన్ వచ్చింది. మరుసటి ఏడు 4. ‘56 శాతం తగ్గుదల’ అని ప్రకటన. గన్ బదులు అక్కడ నిమ్మకాయలు కట్టినా అదే జరిగేది. దీన్ని గణాంక శాస్త్రంలో సగటు వైపు తిరిగిరావడం అంటారు. బ్రిటన్ జాతీయ కెమెరా కార్యక్రమం మీద 2005లో వచ్చిన నాలుగేళ్ల నివేదిక, మరణాలు, తీవ్ర గాయాల తగ్గుదల 42 శాతం అంటూనే, ఈ సగటు గొడవను విడిగా ఒక అనుబంధంలో పరిశీలించింది. ఆ అనుబంధం కూడా ప్రజల చేతికొచ్చింది కాబట్టే విమర్శకులు దాని మీద వాదించగలిగారు. విరుగుడు తెలిసినదే. గన్ పెట్టకముందు కనీసం 3 నుంచి 5 ఏళ్ల లెక్క, పెట్టిన తర్వాత కనీసం 3 ఏళ్లది, అలాంటి రోడ్డే గన్ లేనిది ఒకటి పోలికకు. స్థలం ఎంచుకోవడానికి కారణమైన ఆ చెడ్డ ఏడాదిని లెక్కలో విడిగా చూపాలి.

పక్క రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. బెంగళూరు–మైసూరు హైవే 2023 మార్చిలో ప్రారంభమైంది, పొడవు 118 కిలోమీటర్లు. ప్రమాదాలు ఎక్కువై ఆ వేసవి దాటాక స్పీడ్ గన్లు వచ్చాయి. 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లను ప్రధాన రోడ్డు మీదికి రానివ్వలేదు. తర్వాత మరణాలు బాగా తగ్గాయి, సంతోషమే. కానీ ఆ తగ్గుదలలో గన్ వాటా ఎంత, బైకులు పక్కకు పోయిన వాటా ఎంత? మన నాలుగు వరుసల రోడ్ల మీద అదే పని చేద్దామనుకునే అధికారికి ఇది తెలియాలి. నెలవారీగా, బండి రకం వారీగా, కిలోమీటరు వారీగా లెక్క ఉంటే ఏ కాలేజీ పిల్లలైనా రెండు వారాల్లో విడదీసి చెబుతారు.

దూరం సంగతి ఇంకొకటి. బ్రిటన్ కెమెరాల మీద 2017లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి వచ్చిన పత్రంలో, కెమెరాకు 500 మీటర్ల లోపల ప్రమాదాలు తగ్గాయి, కిలోమీటరున్నర దాటాక మళ్లీ పెరిగే సూచన కనబడింది. గన్ దాటగానే యాక్సిలరేటర్ తొక్కడం మనకూ తెలిసిన అలవాటే. అందువల్ల గన్ దగ్గర వేగం ఒక్కటే చూపితే సగం కథ. గన్‌కు ఒక కిలోమీటరు ముందు, గన్ దగ్గర, రెండు కిలోమీటర్లు దాటాక, ఈ మూడు చోట్లా కొలవాలి. సగటుతో పాటు నూటికి 85 బండ్లు ఏ వేగం లోపల ఉన్నాయో కూడా చూపాలి. రోడ్డు ఇంజనీర్లు పరిమితి నిర్ణయించేటప్పుడు చూసేది ఆ అంకెనే.

ఇక గన్ మీదికి వద్దాం. కిరాణా కొట్టు కాటాకు తూనికలు కొలతల శాఖ సీలు ఉండాలని చిన్నపిల్లలకూ తెలుసు. రాడార్ స్పీడ్ గన్‌కు కూడా అదే శాఖ తనిఖీ, ముద్ర 2025 జులై 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందే, 2021 ఆగస్టులో వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధన 167ఎ ప్రకారం, ప్రతి ఎలక్ట్రానిక్ పరికరానికీ రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన అధికారి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా తిరగరాయించాలి. ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. చలానాతో ఫొటో, పరికరం కొలిచిన అంకె, తేదీ, సమయం, చోటు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. ఆ నిబంధన జాబితాలో ఆంధ్రప్రదేశ్ నగరాలే 13 ఉన్నాయి. దీన్ని, రోడ్ల మీద ఎలక్ట్రానిక్ నిఘా పెట్టాలనే మోటారు వాహనాల చట్టం 136ఎ సెక్షన్‌ను రాష్ట్రాలు అమలు చేయాలని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది. సర్టిఫికెట్ ఉంటుంది సరే, అది ఎవరికి కనబడుతుంది? చలానా పేజీలో గన్ సీరియల్ నంబరు మీద నొక్కితే సర్టిఫికెట్ తెరుచుకునేలా పెట్టడం సాంకేతికంగా ఒక పూట పని.

సర్టిఫికెట్ ఎందుకు అవసరమో గన్ పనిచేసే తీరులోనే ఉంది. గన్లలో రాడార్‌వి, లేజర్‌వి అని రెండు రకాలు. రాడార్ కిరణం వెడల్పుగా పరుచుకుంటుంది. 12 డిగ్రీల కిరణం 100 మీటర్ల దూరంలో 21 మీటర్ల వెడల్పు అవుతుంది, నాలుగు వరుసలూ అందులోనే. ముందు బైకు, వెనక లారీ ఉంటే లారీ ప్రతిధ్వని బలంగా వస్తుంది. లేజర్ కిరణం సన్నం. సాధారణంగా మూడు మిల్లీరేడియన్ల (డిగ్రీలో ఆరో వంతు) కిరణం 300 మీటర్ల దూరంలో 90 సెంటీమీటర్లు, 600లో 1.8 మీటర్లు, అంటే కారు, దాని పక్క బైకు రెండూ పడేంత. లేజర్‌కు ఇంకో చిక్కు, చేయి జారడం. గన్ 0.3 సెకను పాటు దూరాలు కొలిచి వేగం కడుతుంది. ఆ లోపు గురి చూపే ఎర్రచుక్క బండి ముందు అద్దం నుంచి బానెట్ మీదికి ఒక మీటరు జారితే, లెక్కలో గంటకు 12 కిలోమీటర్లు అదనంగా కలుస్తాయి. మంచి గన్లు ఇలాంటి పొంతన లేని రీడింగును తామే తిప్పికొడతాయి. మన దగ్గరున్న మోడల్ ఆ పని చేస్తుందా లేదా అన్నది మోడల్ పరీక్ష నివేదికలో ఉంటుంది. కోణం వల్ల వచ్చే తప్పు మాత్రం డ్రైవరు పక్షానే. 10 డిగ్రీలు పక్కన నిలబడి కొలిస్తే 100 వేగం 98.5గా, 20 డిగ్రీలకు 94గా కనబడుతుంది. ‘పక్క నుంచి కొట్టారు కాబట్టి ఎక్కువ చూపింది’ అని వాదించేవాళ్లు ఇది గమనించాలి.

డ్యూటీ మొదలుపెట్టే ముందు చేయవలసిన పరీక్ష పది నిమిషాల పని. గన్ ఆన్ చేసి దాని స్వీయ పరీక్ష చూడాలి. చుట్టూ ఖాళీ ఉన్న కరెంటు స్తంభం మీద గురిపెట్టి అడ్డంగా, నిలువుగా తిప్పుతూ, చుక్క స్తంభాన్ని తాకినప్పుడే శబ్దం మారుతోందా చూడాలి. మారకపోతే గురి ఒకచోట, కిరణం ఒకచోట ఉన్నట్టు. తర్వాత టేపుతో కొలిచిన రెండు దూరాల నుంచి, ఉదాహరణకు 30, 60 మీటర్ల నుంచి, గోడను కొట్టి దూరం సరిపోయిందా, వేగం సున్నా వచ్చిందా చూడాలి. ఇదంతా లాగ్‌బుక్‌లో తేదీ, సమయం, గన్ నంబరు, సంతకంతో ఎక్కాలి. ఎండలో నిలబడి పనిచేసే సిబ్బందికి ఆ లాగ్‌బుక్కే రక్ష. పుస్తకం ఖాళీగా ఉంటే తప్పు వాళ్ల నెత్తికే చుట్టుకుంటుంది.

ఈ కాగితాలు అడగదలచిన పాఠకులకు సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం జిల్లా, ఆపై కార్యాలయాలకు ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో లేదు. ఎ4 నకలు పేజీకి 2 రూపాయలు. ఎక్కువ దరఖాస్తులు పోయేది అడిగే తీరు వల్ల. ‘స్పీడ్ గన్లు బాగా పనిచేస్తున్నాయా, ఎందుకు పెట్టారు’ అని రాస్తే అది అభిప్రాయం అడిగినట్టు, తిరిగొస్తుంది. తమ దగ్గర లేని సమాచారాన్ని తయారుచేసి ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కాబట్టి కాగితం పేరు పెట్టి అడగాలి. ఫలానా కమిషనరేట్‌లోని స్పీడ్ గన్ల సీరియల్ నంబర్లు, మోడళ్లు. ఒక్కోదానికి నిబంధన 167ఎ కింద ఇచ్చిన చివరి ఆమోద పత్రం నకలు. తూనికలు కొలతల శాఖ తనిఖీ పత్రం. ఫలానా నెల లాగ్‌బుక్ పేజీలు. స్థలం ఎంపిక చేసిన ఫైలు నోట్. గన్ల ప్రభావం మీద చేసిన లేదా చేయించిన అధ్యయనం ఏదైనా ఉంటే దాని ప్రతి. కాలం తప్పక రాయాలి, లేకపోతే ‘సమాచారం విస్తారం’ అన్న జవాబు వస్తుంది. లాగ్‌బుక్కులు ఎక్కువుంటే నకళ్ల బదులు వెళ్లి చూసుకునే అవకాశం అడగండి, 2(జె) సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది. తప్పు కార్యాలయానికి పంపినా 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయవలసింది వాళ్లే. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత ఇచ్చే సమాచారం ఉచితం. మొదటి అప్పీలుకు 30 రోజులు, సమాచార కమిషన్‌కు రెండో అప్పీలుకు 90 రోజులు గడువు.

తిరస్కరణ వస్తే సాధారణంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి 8(1)(డి), సరఫరా చేసిన కంపెనీ వ్యాపార రహస్యం అని. గన్ లోపలి సాఫ్ట్‌వేర్ రహస్యం కావచ్చు, ప్రభుత్వ అధికారి సంతకం చేసిన సర్టిఫికెట్ ఎలా రహస్యమవుతుంది? రహస్యమైన పేరాలను చెరిపి మిగతాది ఇవ్వాలని 10వ సెక్షన్ చెబుతోంది, అప్పీలులో ఆ సెక్షన్ పేరెత్తండి. రెండోది 8(1)(హెచ్), దర్యాప్తుకు అడ్డమని. మూడేళ్ల మొత్తం లెక్కల్లో ఏ దర్యాప్తూ ఉండదు. బండి నంబర్లు, పేర్లు, ఫోన్లు మాత్రం అడగకండి. ఈ పనికి అవి అక్కరలేదు, బయటకు రాకూడదు కూడా.

నిజానికి ఇవన్నీ అడగకుండానే పెట్టవలసినవి, 4వ సెక్షన్ ఉన్నది అందుకే. ఒక్కో గన్‌కు నెలకు ఒక వరుస ఉన్న ఎక్సెల్ ఫైలు చాలు. చోటు అక్షాంశ రేఖాంశాలతో, రోడ్డు దిశ, పరిమితి, పనిచేసిన గంటలు, దాటిన మొత్తం బండ్లు, పరిమితి మించినవి, ఎంత మించితే చలానా వేస్తున్నారు, వేసినవి, పరిశీలనలో కొట్టేసినవి. ఇందులో అసలు అంకె ‘దాటిన మొత్తం బండ్లు’. అది లేకుండా 2,000 చలానాలు అంటే ఏమీ అర్థం కాదు. 5,000 బండ్లలో 2,000 అయితే ఆ పరిమితి బోర్డునే తిరిగి చూడాలి, లక్షలో 2,000 అయితే గన్ తన పని తాను చేస్తోంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు పెట్టవద్దని మనవి. వంకరగా స్కానైన పట్టికలోంచి అంకెలు తిరిగి ఎక్కించేసరికి కళ్లు పోతాయి, తప్పులూ దొర్లుతాయి. గన్ల చోటు చెబితే డ్రైవర్లు అక్కడే నెమ్మదిస్తారన్న భయం స్థిర కెమెరాలకు వర్తించదు, ముందు బోర్డు పెట్టమని చట్టమే అంటోంది. తిరిగే గన్ల లెక్క నెల గడిచాక పెట్టండి.

ప్రమాదాల డేటాది ఇదే కథ. ఐఐటీ మద్రాసు, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్ఐసీ కలిసి కట్టిన ఐరాడ్ అనే ప్రమాదాల డేటా వ్యవస్థలో పోలీసులు ప్రమాదం జరిగిన చోటును జీపీఎస్‌తో సహా ఎక్కిస్తున్నారు. పేర్లు తీసేసి ఆ చోట్లు, తేదీలు, బండి రకాలు ప్రజలకు ఇస్తే గన్ల ఫైలుతో జోడించి చూడవచ్చు. ఇక అచ్చయిన పరిశోధన సంగతి. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి సుమారు 13,000 పరిశోధన పత్రికలు కొంటున్నారు. మంచిదే, కానీ అది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లో ఉన్నవారికి. జిల్లా విలేకరికి, వకీలుకు, ట్రాఫిక్ ఎస్సైకి ఆ తలుపు తెరుచుకోదు. అంతర్జాతీయ తూనికల సంస్థ రాడార్ గన్ల ప్రమాణం ఆర్91ను తన సైట్‌లో ఉచితంగా ఉంచింది. మన రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడ్‌లు మాత్రం కొనుక్కోవాలి. ప్రజాధనంతో చేయించే ప్రతి రోడ్డు భద్రతా అధ్యయనానికి, పూర్తయిన ఆరు నెలల్లో నివేదికను, దాని డేటాను ఉచితంగా ప్రచురించాలన్న షరతు కాంట్రాక్టులోనే రాయాలి.

మొదలుపెట్టడానికి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. పొడవు 158 కిలోమీటర్లు, రాకపోకలకు పరిమితమైన దారులు, టోల్ గేట్ల దగ్గర ఎక్కిన, దిగిన బండ్ల లెక్క. 2023లో దాని మీద గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. ఆ మార్పుకు మూడేళ్ల ముందు నుంచి ఇప్పటి దాకా నెలవారీ ప్రమాదాలు, గన్లు పనిచేసిన గంటలు, కొలిచిన వేగాలు, బండ్ల సంఖ్య ఒక ఫైలులో పెట్టమని తెలంగాణ ప్రభుత్వాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. ఆ ఫైలు వస్తే దాని మీద లెక్క కట్టి, పద్ధతితో సహా, ఇదే శీర్షికకు పంపుతాం.

ఇట్లు,
రోడ్డు ఇంజనీరింగ్, గణాంకాలు బోధించే ఇద్దరు పాఠకులు